అమ్మ వేసుకునే మాత్ర

"ఆ పెన్ను నీ సంచిలోనే ఉంచుకో అమ్మాయ్," అన్నాడు డాక్టరు తల ఎత్తకుండానే.

మందుల కంపెనీ అమ్మాయి నొచ్చుకోలేదు. ఈయన పెన్నులూ క్యాలెండర్లూ ముట్టడనీ, విందుకు పిలిస్తే మండిపడతాడనీ కంపెనీల వాళ్లందరికీ తెలుసు. ఆయన దగ్గర తమ పప్పులు ఉడకవని చాలామంది రావడమే మానేశారు. ఆ అమ్మాయి మోకాళ్ల నొప్పుల కొత్త మాత్ర గురించి రెండు ముక్కలు చెప్పి, వెళ్లబోతూ ఆగింది.

"మా అమ్మకి ఇదే వేస్తున్నాను సార్. ఇప్పుడు మెట్లు ఎక్కుతోంది. కడుపులో మంట కూడా లేదంటోంది."

డాక్టరు అప్పుడు తలెత్తాడు. కంపెనీ కాగితాల మీది గ్రాఫులు ఎన్నో చూశాడు గానీ, అమ్మ మెట్లెక్కుతోందన్న మాట ఆయన మనసుకు పట్టింది.

మర్నాటి నుంచే ఆ మాత్ర రాయడం మొదలుపెట్టాడు. ఇంట్లో మోకాళ్లు పట్టుకుని మూలిగే భార్యకూ అదే ఇచ్చాడు. కడుపులో తిప్పుతోందని ఆవిడ అంటే, ఆ అమ్మాయి వాళ్లమ్మ హాయిగా వేసుకుంటోంది, నీది వట్టి అనుమానం అని కొట్టిపారేశాడు. అమ్మాయి వచ్చినప్పుడల్లా మందు ఊసుకంటే ముందు అమ్మ ఎలా ఉందని అడిగేవాడు. కూరగాయలకు తనే నడిచి వెళ్తోందని వింటే ఆయన ముఖం విప్పారేది.

ఒక ఉదయం భార్య రక్తం కక్కుకుంది.

కడుపులో పుండు పడిందనీ, ఆ మాత్ర వల్లేననీ ఆస్పత్రిలో తేల్చారు. ప్రాణభయం లేదన్నాక డాక్టరు మంచం పక్కన కూర్చున్నాడు. ఆవిడ అటు తిరిగి పడుకుంది.

"నా కడుపుకంటే ఆవిడెవరో మీకు ఎక్కువైంది," అంది.

డాక్టరు లేచాడు. వరండాలోకి వచ్చి, ఆ మాత్ర రాసిన ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మానేయమన్నాడు. కంపెనీ నమ్మించి గొంతు కోసిందని కుమిలిపోయాడు. తనను సరే, పాపం ఆ పిల్లను కూడా మోసం చేసింది. ఆ తల్లి ఇంకా మింగుతూనే ఉందేమో. అమ్మాయి ఫోన్ ఎత్తలేదు. మందుల షాపతన్ని అడిగి, ఇల్లు కనుక్కుని పరుగున వెళ్లాడు.

తలుపు తీసింది అమ్మాయి తండ్రి. డాక్టరు గుమ్మంలోనే సంగతంతా గబగబా చెప్పాడు.

"ముందు ఆవిడను పిలవండి. ఇంకొక్క మాత్ర కూడా వేసుకోకూడదు."

పెద్దాయన తెల్లబోయాడు. ఇంట్లో తనూ కూతురూ తప్ప ఇంకెవరూ లేరన్నాడు.

"వాళ్లమ్మ పురిట్లోనే పోయిందండీ."