ఈశ్వరి సెలవు రోజు

పాపను ఎత్తుకుని హిందూపురం బస్టాండులో దిగగానే కుళ్లాయప్ప భార్యతో అన్నాడు. "సినిమాకే పోదాం ఈశ్వరీ. ఏసీలో సల్లగా కూసోవచ్చు."

"వద్దు. గేమ్ జోన్‌కే పోదాం," అంది ఈశ్వరి.

"ఆడ పరుపుల మీద ఎగిరేది పిల్లోళ్లు. మనకేం పనే?"

"పాపతో పాటు నేనూ ఎగరల్ల."

అతను ఎంత చెప్పినా ఆమె వినలేదు. మూడు టికెట్లు కొని, పాప చెయ్యి పట్టుకుని గేమ్ జోన్ ముందువైపు తలుపు తోసింది.

లోపల మేనేజరు ఆమెను చూసి ముఖం చిట్లించాడు. "ఏమ్మా, పనోళ్లకు వెనక దోవ కదా? చీపురు ఆడే ఉండాది."

ఈశ్వరి టికెట్లు అతని చేతిలో పెట్టింది.

"తుడిచేది రేపొచ్చి తుడుస్తా సార్. ఈ పొద్దు ఎగిరేదానికొచ్చినా."

ఏడాదిగా రోజూ తుడుస్తున్న ఆ పరుపు మీదికి పాపతో సహా ఎక్కి, ఒక్క ఎగురు ఎగిరింది.

ఇంతసేపూ వెనకాడిన కుళ్లాయప్ప కూడా చెప్పులు విడిచాడు.