ట్యాంకులో ఉన్న తేడా

"రేపు ఆ చివరి మలుపు దగ్గర మీ తమ్ముణ్ణి కాస్త ముందే బ్రేకు వెయ్యమనమ్మా."

గ్యారేజి తలుపు దగ్గర ఎవరో ముసలాయన.

ఫుల్వియాకు అసలే మనసు బాగాలేదు. ఆ సాయంత్రం కార్ల పందెం అర్హత పరుగులో తమ్ముడు ఇవానో, బెల్లోని వాళ్ల కుర్రాడి కన్నా ముప్పావు సెకను వెనకబడ్డాడు. రేపటి పోటీ గెలవకపోతే వచ్చే ఏడు వాడికి కారిచ్చే వాళ్లు లేరు.

"ఎందుకట?"

"బెల్లోని ట్యాంకులో పెట్రోలు సగమే. కారు కుంగిన తీరు చూస్తే మీది నిండు ట్యాంకు. ఆ తేడా బరువుది, మీవాడిది కాదు."

అక్కడి నియమం అది. శనివారం ఎంత పెట్రోలుతో అర్హత పరుగు తీస్తే, ఆదివారం దాంతోనే పోటీ మొదలుపెట్టాలి. ఎవరి ట్యాంకులో ఎంతుందో ఇంట్లోవాళ్లకు కూడా చెప్పరు.

"మీకెలా తెలుసు? ట్యాంకులో దూరి చూశారా?"

ముసలాయన నవ్వలేదు.

"తేలిక కారు కాబట్టి అతను మలుపు దాకా పోయి బ్రేకు వేసినా ఆగుతుంది. మీది ఆగదు. కాస్త ఓపిక పట్టమను. అతను పెట్రోలు కోసం తొందరగానే పక్కకొస్తాడు."

"మావాణ్ణి భయపెట్టమని బెల్లోని వాళ్లు పంపారా? మంచివాళ్లనే దొరకబుచ్చుకున్నారు! ఇక దయచెయ్యండి."

ఆయన వెళ్లిపోయాడు.

"ఎవరక్కా?" ఇవానో రొట్టె నములుతూ వచ్చాడు.

"ఎవరో పిచ్చాయన. నువ్వు మాత్రం రేపు వాడు ఎక్కడ బ్రేకు వేస్తే అక్కడే వెయ్యి. వాడికన్నా నీకేం తక్కువరా?"

ఆదివారం ఇవానో మెడలోని మేరీమాత బిళ్లను ముద్దు పెట్టుకుని కారెక్కాడు. అక్క మాట జవదాటలేదు.

మొదటి చుట్టులో మలుపు దగ్గర చక్రాలు కాస్త జారాయి.

తర్వాతి చుట్టులో బ్రేకుల నుంచి పొగ వచ్చింది.

"వదలకు ఇవానో! పట్టు!" ఫుల్వియా గొంతు చించుకుంది.

మరికొన్ని చుట్ల తర్వాత మలుపు అవతల దుమ్ము లేచింది. బెల్లోని కారు ఒక్కటే బయటికొచ్చింది.

పోటీ ఆగలేదు. జాగ్రత్త చెప్పే పసుపు జెండాలు మాత్రం ఊగాయి.

ఫుల్వియా గ్యారేజిల ముందు నుంచి మలుపు వైపు పరుగెత్తింది. బెల్లోని కారు ఆమెకు అడ్డంగా వచ్చి ఆగింది, పెట్రోలు కోసం.

గొట్టం పట్టుకున్న మనిషి కారు వైపు చూడడం లేదు. దుమ్ము వైపే చూస్తున్నాడు. నిన్నటి ముసలాయన.

హెల్మెట్ లోపలి నుంచి బెల్లోని కుర్రాడు అరిచాడు: "ఎటు చూస్తున్నావ్ నాన్నా? త్వరగా పెట్రోలు పొయ్యి!"