నవ్వాల్సిన చోటు

డబ్బింగ్ గదిలో రెండు స్టూళ్ళ మధ్య ఒకటే మైకు.

లావుపాటాయన తన స్టూలును ఒక గోడవైపు జరుపుకున్నాడు. సన్నపాటాయన తనదాన్ని రెండో గోడవైపు. మైకు ఇద్దరికీ దూరమైంది.

దగ్గరికి రమ్మన్నాడు దర్శకుడు, అద్దం అవతలి నుంచి.

వచ్చారు. మోచేతులు తగలకుండా కూర్చున్నారు.

తెరమీద కారు. పొసగని ఇద్దరు ఒకే కారులో ఊళ్ళన్నీ దాటిపోయే నవ్వుల సినిమా. స్టీరింగ్ దగ్గర చొక్కా మడత నలగనివ్వని పెద్దమనిషి. పక్కసీట్లో, కాళ్ళు డాష్‌బోర్డు మీద చాపుకున్న మొరటోడు.

ఇలాంటి జోడీలకు ఏళ్ళ తరబడి వీళ్ళిద్దరే గొంతులు. ఆ స్నేహం వియ్యం దాకా వెళ్ళింది. లావుపాటాయన కూతురు, సన్నపాటాయన కొడుకు.

పోయిన నెల ఆ పిల్లలు కోర్టులో విడిపోయారు.

అప్పటినుంచి ఒకరినొకరు ఏమని పిలవాలో ఈ పెద్దవాళ్ళిద్దరికీ తెలియడం లేదు.

పొద్దున్నుంచి మాటలన్నీ దర్శకుడి మీదుగానే. కాగితాలు చప్పుడు చేయొద్దనమని ఈయన. అటు తిరిగి దగ్గమనమని ఆయన.

సీను చిన్నదే. వానలో కారు ఆగిపోతుంది. ఇద్దరూ కోపంతో బిగుసుకుని కూర్చుంటారు. మొరటోడు పిత్తుతాడు. పెద్దమనిషి తిట్టబోయి, సినిమాలో మొదటిసారి నవ్వుతాడు.

ఆ చప్పుడు తర్వాత కలుపుతారు. ఇప్పుడు అక్కడ ఏమీ వినపడదు. దానికి నవ్వాలి.

పెద్దమనిషి గొంతు సన్నపాటాయనది. నవ్వాడు.

మళ్ళీ నవ్వమన్నాడు దర్శకుడు.

మళ్ళీ నవ్వాడు. అద్దెకు తెచ్చుకున్న నవ్వులా ఉంది.

"సార్, ఆ చప్పుడొక్కటే ఉంటే అసహ్యం. మీ నవ్వు పడితేనే ముచ్చట. లేకపోతే జనం ఛీ అని లేచిపోతారు."

ఆయన తలూపాడు. నీళ్ళు తాగి నవ్వబోయాడు. దగ్గొచ్చింది.

దర్శకుడు తన మైకు మీట ఆపడం మరిచిపోయి రికార్డిస్టుతో గొణిగాడు. సాయంత్రం ఆ కొత్తాయన్ని పిలిపించు, ఈయన పాత్ర మొత్తం ఆయనతోనే చెప్పిద్దాం.

గదిలో ఇద్దరూ విన్నారు.

సన్నపాటాయన కాగితాల అంచు మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

లావుపాటాయన ఆ అంచునే చూస్తున్నాడు.

ఇదే చివరి టేకన్నాడు దర్శకుడు.

తెరమీద వాన. కారు. బిగుసుకున్న రెండు ముఖాలు.

లావుపాటాయన అరచేయి నోటికి ఆనించి, బుగ్గలు పూరించి, వదిలాడు.

పొడుగ్గా. మధ్యలో ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ మొదలై.

పిల్లల పెళ్ళిలో, అందరూ ఫొటోకి కర్రల్లా నిలబడ్డప్పుడు ఆయన చేసింది ఆ చప్పుడే. ఆ ఫొటోలో సన్నపాటాయన ఒక్కడే కళ్ళు మూసుకుని ఉంటాడు, పళ్ళన్నీ కనపడేలా.

సన్నపాటాయన భుజాలు కదిలాయి. నవ్వు ముక్కులోంచి మొదలై పొట్టలోకి దిగింది. పడిపోకుండా మైకు స్టాండు పట్టుకున్నాడు. అది ఊగింది. పక్కనున్న చెయ్యి పట్టుకున్నాడు.

తెరమీద సీను అయిపోయింది. ఆయన నవ్వు అవలేదు.

అద్దం అవతల దర్శకుడు లేచి నిలబడ్డాడు. కాసేపటికి నొచ్చుకుంటూనే చెప్పాడు. నవ్వు అదిరింది గానీ దాని మీదికి ఆ చప్పుడు కూడా వచ్చేసింది, ఇంకొక్కసారి కావాలని.



సన్నపాటాయన కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకున్నాడు. స్టూలు మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"ఈసారి కాస్త ముందే ఆపెయ్యండి, బావగారూ."