పొన్నుసామి మీద సాక్ష్యం

"రాసుకోండి సార్! వీడు పళ్ళికూడం వదిలేసి స్ట్రైకుకు పోయినాడు" అన్నాడు రామసుబ్బు, గుంపును మోచేతులతో తోసుకుంటూ ముందుకు వచ్చి.

విద్యాశాఖ జీపు లేపిన దుమ్ము ఇంకా అణగలేదు. కోవిల్‌పట్టి నుంచి వచ్చిన అధికారి బడి వసారాలో కుర్చీ వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకున్నాడు. ఎదురుగా, ఊరివాళ్ళు వాద్దియారు అని పిలిచే బడిపంతులు పొన్నుసామి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పింఛనులో కోత పెట్టారని తమిళనాడంతా ప్రభుత్వోద్యోగులు సమ్మెకు దిగిన నెల అది. దిగినవాళ్ళందరినీ తీసెయ్యమని ఉత్తరువు వచ్చింది. ఖాళీ అయిన చోట్ల టీచర్ ట్రైనింగు చదివి ఇంట్లో కూర్చున్నవాళ్ళను వేసుకుంటారట. రామసుబ్బు కూతురు కలైసెల్వి ఆ చదువే చదివి కూర్చుంది. ఆ తెలుగు పల్లె బడికి పొన్నుసామి ఒక్కడే పంతులు. అతను పోతే ఆ ఉద్యోగం ఆమెది.

"మామా, నా కడుపు కొట్టొద్దు మామా. మా పెన్షను కోసినారు, అందుకే కదా..." అన్నాడు పొన్నుసామి.

రామసుబ్బు పక్కకు తిరిగి ఉమ్మేశాడు. "నీ పెన్షనా? పత్తి మాడిపోయిన ఏడు నాకు ఎవడిచ్చినాడు పెన్షను? నా ఎద్దుకిచ్చినారా? అగ్గిపెట్టెలకు కాయితాలు అంటించి అంటించి వేళ్ళు అరగదీసుకునిందే, ఈ సెల్లత్తాయికి ఇచ్చినారా?"

"మాకు లేనిది నీకు మటుకు ఏల?" అంది సెల్లత్తాయి.

"మీ పెన్షను కోసినవాళ్ళకే ఈసారి మా ఓటు. అడుగంటా కొయ్యాల!" అని అరిచాడు వెనకనుంచి మారిముత్తు.

"ఇవాళ మాకు కోసినారు. రేపు మీకూ..." అన్నాడు పొన్నుసామి.

"మాకు కొయ్యడానికి ఏముండాది వాద్దియారే? గోచి ఒకటే!" అన్నాడు మారిముత్తు.

గుంపు గొల్లుమంది. అధికారి నవ్వలేదు. "ఊరికే అరవకండి" అని తమిళంలో గదమాయించాడు. "సమ్మె రోజుల్లో ఈయన బడికి వచ్చాడా, రాలేదా? ఒక్క మాట చెప్పండి."

"రాలేదు!" అన్నారందరూ.

అధికారి రాసుకున్నాడు. "ఇక్కడ నువ్వొక సంతకం పెట్టు. చాలు" అన్నాడు అధికారి, అట్టను రామసుబ్బు వైపు తిప్పి.

ఆ చాలు అన్న మాటే రామసుబ్బుకు గిట్టలేదు. ఇన్నాళ్ళకు చేతికి చిక్కినవాణ్ణి ఇంత సులువుగా వదిలిపెట్టడమా?

"ఆ రోజులు మటుకే కాదు సార్. ఇంకా ఉండాది, రాసుకోండి."

"వద్దు నాయినా. సంతకం పెట్టి వచ్చేయ్" అని కలైసెల్వి వెనకనుంచి అతని తువ్వాలు పట్టి లాగింది.

"నువ్వు ఊరుకో పాపా. రేపు ఎవని కాళ్ళో పట్టుకుని వీడు మళ్ళీ లోపలికి దూరకూడదు." రామసుబ్బు తువ్వాలు విదిలించుకున్నాడు. "సార్, స్ట్రైకుకు ముందు మటుకు వచ్చినాడా వీడు? పోయిన దీపావళికి ముందునుంచే రాలేదు. శివకాశిలో పటాకుల కొట్టు పెట్టుకోనుండాడు. తన జీతంలోనుంచి ఇంత విదిలించి, ఇక్కడ నా బిడ్డతో పాఠాలు చెప్పించినాడు. ఊరినే అడగండి!"

"సత్తెం సార్" అంది సెల్లత్తాయి. "నా మనవడికి ఈయన మొగమే తెలీదు. ఇప్పుడు చూసి, జీపు డ్రైవరా అవ్వా అని అడుగుతాండాడు."

అధికారి కలం ఆగింది. తలెత్తి పొన్నుసామిని చూశాడు. "నిజమేనా?"

ఇప్పుడు కాళ్ళ మీద పడతాడని రామసుబ్బు ఎదురుచూశాడు. పొన్నుసామి పడలేదు. టీచర్ల సంఘంలో తిరిగినవాడు, రూల్సు తెలిసినవాడు. ఒక్క క్షణం రామసుబ్బునే చూసి, కట్టుకున్న చేతులు వదిలేశాడు.

"నిజమే సార్" అన్నాడు ఊరంతా వినేట్టు. "మామ చెప్పిన ప్రతి మాటా నిజం. దీపావళి దేనికి, ఆ ముందు పొంగలు పండగ నుంచే నేను రాలేదు. పటాకుల కొట్టు నాదే. అట్లనే రాసుకోండి."

"దొంగ నోటితోనే కక్కినాడు!" అని మారిముత్తు ఈల వేశాడు.

రామసుబ్బు సంతకం పెట్టాడు. కాగితం చిరిగేంత నొక్కి పెట్టాడు. అతని వెనక ఊరు వరస కట్టింది. సంతకం వచ్చినవాళ్ళు సంతకం, రానివాళ్ళు వేలిముద్ర. అంతా అయ్యాక అధికారి మరో కాగితం మీద నాలుగు ముక్కలు రాసి పొన్నుసామికిచ్చాడు. పొన్నుసామి దాన్ని కళ్ళకద్దుకున్నంత పని చేశాడు.

"సార్, మరి నా బిడ్డ ఎప్పుడొచ్చి చేరాల?" అన్నాడు రామసుబ్బు.

"ఎక్కడ?"

"ఈయన చోటులో."

"ఇక్కడ ఖాళీ లేదు. ఈయనకు మెమో ఇచ్చాను. జవాబు రాస్తాడు, విచారణ జరుగుతుంది, ఏళ్ళు పడుతుంది. అంతవరకు ఉద్యోగం ఈయనదే."

రామసుబ్బు అధికారి వెంటపడ్డాడు. "తీసెయ్యమని సర్కారే చెప్పింది కదా సార్!"

"సమ్మె చేసినవాళ్ళను తీసెయ్యమంది. పక్క ఊరి టీచరమ్మ ఏనాడూ బడి మానలేదు, సమ్మెకు తప్ప. ఆమెను పొద్దున్నే తీసేసి వచ్చాను."

"వీడూ చేసినాడు సార్! కోవిల్‌పట్టి బస్టాండులో జెండా పట్టుకుని అరిచినాడు. నేనే చూసినా!"

అధికారి జీపెక్కి తలుపు వేసుకున్నాడు.

"అరిస్తే సమ్మె కాదయ్యా, చేసే పని ఆపితే సమ్మె. ఈయన అసలు పనికే రాలేదని ఊరంతా కలిసి సంతకాలు పెట్టిచ్చారు కదా!"