నోరు తీపి చేసుకునేలోగా

ఫరామర్జ్ పైజమాతోనే తలుపు తీశాడు. గుమ్మంలో పెద్ద పూలబుట్ట. దాని వెనక పెళ్లికొడుకు, తల్లి, మేనమామ.

"శ్రమ ఇస్తున్నాం అన్నయ్యగారూ. మావాడికి మీ అమ్మాయినడగడానికి వచ్చాం," అంది తల్లి.

"శ్రమేముందమ్మా? మీ పాదాలు మా కళ్లమీద పెట్టండి," అన్నాడు ఫరామర్జ్.

మర్యాదకు ఇస్ఫహాన్‌లో ఆయన పెట్టింది పేరు. పక్కవాడు ముందు వెళ్లాలంటూ లిఫ్టు దగ్గర అరగంట నిలబడ్డ ఘనుడు. అలాంటివాడు ఇవాళ 'కాదు' అని చెప్పాలి. అదీ మిఠాయి పెట్టె తెరిచేలోగా చెప్పాలి. పెళ్లివారి మిఠాయి నోట్లో పడిందంటే మాట ఇచ్చినట్టే.

"మీ అమ్మాయి బంగారమట కదా," అంది తల్లి.

"అంతా మీ అభిమానం."

"మావాడు స్నేహితుడి పెళ్లిలో చూసి మనసు పారేసుకున్నాడు. ఇక మా ఇంటికి పంపడమే తరువాయి."

"ఈ ఇంట్లో ఉన్నదంతా మీదే కదమ్మా."

అలవాటు కొద్దీ అనేసి నాలుక కరుచుకున్నాడు.

పెళ్లికూతురు తేవలసిన టీ ఫరామర్జ్ భార్య ఎష్రత్ తెచ్చింది. "అమ్మాయికి సిగ్గు కాబోలు," అని మేనమామ ముచ్చటపడ్డాడు. ఎష్రత్ మొగుణ్ణి వంటింట్లోకి లాక్కెళ్లింది.

"ఒక్క ముక్క చెప్పేయండి. మొహమాటానికి పోతే కడుపైందట."

"పూలు పట్టుకుని గుమ్మమెక్కినవాళ్లకి మొహంమీద ఎలా చెప్పనే?"

"పోనీ, నేను చెప్తా."

"నా పరువు తియ్యకు."

తిరిగొచ్చేసరికి పెళ్లికొడుకు చెమటలు తుడుచుకుంటూ తివాచీ వంక చూస్తున్నాడు. పాపం, పిల్లవాడు బుద్ధిమంతుడిలాగే ఉన్నాడు. ఫరామర్జ్‌కు ఉన్న కాస్త ధైర్యమూ నీరుగారిపోయింది. ఈలోగా పెట్టె మూత లేచింది.

"నోరు తీపి చేసుకోండి అన్నయ్యగారూ."

"ముందు మీరు."

"అయ్యో, మీరుండగా మేమా?"

ఇలా ఏడుసార్లయింది. ఎనిమిదోసారి కాదంటే బాగుండదని ఆయనే ఒక పిస్తా ముక్క నోట్లో వేసుకున్నాడు. మేనమామ లేచి "వియ్యంకుడుగారూ" అని కావలించుకున్నాడు. వచ్చే శుక్రవారం ఉంగరాలు మార్చుకుందామన్నారు. "మీ ఇష్టమే మా ఇష్టం," అన్నాడు ఫరామర్జ్.

వాళ్లు మెట్లు దిగేదాకా ఆగి ఎష్రత్ తలుపు వేసింది.

"ఇక మీరే వెళ్లి పై అంతస్తువాళ్లకి చెప్పండి," అంది, "పిల్లాజెల్లా లేని మనం వాళ్లమ్మాయి పెళ్లి ఖాయం చేశామని."