గోడ మీది దరువు

పాట మీద అతని పేరు వేయాలంటే అసలు రికార్డింగు కావాలన్నారు పాటల కంపెనీవాళ్లు. కోత లేకుండా, మొదటినుంచి చివరిదాకా. ఆ దరువు తనదేనంటూ మరొకడు కంపెనీకి నోటీసు పంపాడు మరి.

పదిహేడేళ్లుగా అతను ర్యాప్ పాటలకు బీట్లు కడుతున్నాడు. స్టీలు డబ్బా మూత, తలుపు గడియ, కుట్టుమిషను పెడలు, ఇంట్లో చప్పుడు చేసేదేదైనా అతని చేతిలో తాళమయింది. పాడినవాళ్ల బొమ్మలు గోడలెక్కాయి. అతని పేరు చిన్నక్షరాల్లో కూడా ఎక్కడా పడలేదు. ఒక విందులో అతని బీటుకే గెంతి గెంతి చెమట తుడుచుకుంటూ, "ఏమోయ్, ఇంకా ఏ పనీ దొరకలేదా?" అని అడిగాడు బావ.

ఈ పాట వేరు. నాలుగేసి దెబ్బలు. నాలుగోది రావాల్సిన క్షణం దాటాక, జారిపడుతున్నట్టు వస్తుంది. ఆ ఆలస్యం ఏ యంత్రానికీ చేతకాలేదు. మైదానాల్లో వేలమంది ఆ నాలుగో దెబ్బకోసం ఊపిరి బిగబట్టి, అది పడగానే ఊగిపోతున్నారు.

అది అమ్మ చెయ్యి. ఆ సంగతి తెలిసింది అక్కకొక్కతికే.

పక్షవాతంతో మాట పోయాక అమ్మ పక్కగదిలోంచి గోడ తట్టేది. ఒకసారి తడితే మంచినీళ్లు. రెండుసార్లయితే పక్కకు తిప్పాలి. వరసగా నాలుగైతే ఉన్నపళంగా రావాలి. ఆ రోజు మైకు ఆన్‌లోనే వదిలేసి కేబుల్ కోసం బజారుకు వెళ్లానని, తిరిగొచ్చేసరికి అమ్మ పోయిందని అతను చెప్పినప్పుడు, అక్క అతని తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది.

"నీ తప్పేం లేదురా," అంది.

రికార్డింగు అడిగాక అతను రెండు రోజులు అన్నం ముట్టలేదు. అక్కే నచ్చజెప్పింది. "అమ్మ నీకిచ్చిన ఆఖరి వస్తువురా అది. ఎవడో ఎత్తుకుపోతుంటే చూస్తూ కూర్చుంటావా?"

కంపెనీ ఆవిడ పంపిన ఆల్బం అట్ట నమూనాలో అతని పేరు మొదటిసారి పెద్దక్షరాల్లో ఉంది. దాన్ని చూశాడు. చూసి చూసి, సరేనన్నాడు.

"నువ్వు మాత్రం రాకక్కా. వినలేవు."

"నేను వినకపోతే ఇంకెవరు వింటార్రా?"

స్టూడియోలో తట్టడం మొదలైంది. ఆ పాట పాడిన ర్యాపరు పాదం తనంతట తానే కదిలి, సిగ్గుపడి ఆగింది. అమ్మ తడుతూనే ఉంది. పదకొండో నిమిషానికి చెయ్యి అలిసింది. నాలుగో దెబ్బ వెనకబడసాగింది.

"ఇదే," అన్నాడు ఇంజినీరు. "కోత ఎక్కడా లేదు. ఇది మీదే."

కంపెనీ ఆవిడ సంతకం పెట్టాల్సిన కాగితం ముందుకు జరిపింది.

"చాలు, ఆపేయండి," అన్నాడతను.

"ఉండనివ్వండి," అంది అక్క, రుమాలు నోటికి అదుముకుని. "ఇంకాస్త విననివ్వండి."

ఆమె పట్టుకున్న చేతిని విడిపించుకుని అతను గబగబా కలం అందుకున్నాడు.

అప్పుడు స్పీకర్లలో, గోడకు ఇవతల, కుర్చీ కిర్రుమంది, మైకు గోడవైపు జరిగిన చప్పుడైంది, దరువు మరింత దగ్గరగా వినిపించింది, తమ్ముడి గొంతు గుసగుసగా "ఆపకమ్మా, ఇంకొంచెం," అంది.