గాలికి అడ్డం

విశాఖలో ఎవరి బాల్కనీ గాలిమర వాళ్లకి కరెంటివ్వడం మొదలయ్యాక, గాలికి అడ్డమని బయట బట్టలారేయడం అందరూ మానేశారు. పై అంతస్తు దుప్పట్లు మాత్రం రమీజా బాల్కనీ మీదికి వేలాడుతూనే ఉన్నాయి. ఆ రోజు ఆమె గాలిమర ఆగి, కుట్టుమిషను మొరాయించింది. పెళ్లి జాకెట్లు రేపే ఇవ్వాలి.

రమీజా కోపంగా పైకెళ్లింది. సబ్బు చేతులతో సన్యాసమ్మ తలుపు తీసింది. లోపల మంచం మీదున్న ఆమె భర్త ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"రోజూ పక్క తడిపేస్తున్నారమ్మా. ఇంట్లో ఆరేస్తే వాసన. ఆయనకి సిగ్గు," అందామె గొంతు తగ్గించి.



"అలాగే ఉంచండి పిన్నీ," అని రమీజా కిందికొచ్చి, అటక మీది తొక్కుడు మిషను దింపింది.

జాకెట్లు పూర్తయ్యేసరికి కాళ్లు పీకేశాయి. అప్పుడే పైనుంచి సన్యాసమ్మ తొంగిచూసింది.

"దుప్పటి ఎండవాసనొస్తోందంటూ మీ బాబాయి హాయిగా నిద్రపోయారే!"